తీసేసిన పోలీస్ బాస్, తిరిగొచ్చి పోలీస్ మంత్రి!

మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీసేసిన చోటికే ఆరేళ్ల తర్వాత మీరు పెద్ద బాస్‌గా వెళ్తే? సౌతాఫ్రికాలో భెకీ సెలే కథ అచ్చం ఇదే.

ఆయన ఒకప్పుడు టీచర్, తర్వాత ఏఎన్‌సీ లీడర్. 2009లో ప్రెసిడెంట్ జుమా ఆయన్ని దేశ పోలీస్ చీఫ్‌ని చేశారు. పోలీస్ ఆఫీసుల బిల్డింగ్ లీజుల్లో రూల్స్ పాటించలేదని 2011లో రిపోర్ట్ వచ్చింది. నా తప్పేం లేదన్నారు సెలే. కానీ ఎంక్వైరీ బోర్డు ఆయన పదవికి తగరని తేల్చింది. 2012 జూన్‌లో అదే జుమా ఆయన్ని తీసేశారు.

అయిపోయిందా? లేదు! 2014లో మళ్లీ జుమానే వ్యవసాయ శాఖ డిప్యూటీ మంత్రిని చేశారు. 2018లో రామఫోసా వచ్చి ఏకంగా పోలీస్ మంత్రిని చేశారు. 2024 దాకా ఆ పదవిలోనే ఉన్నారు.

అసలు పాయింట్ ఇక్కడుంది. చీఫ్ అర్హత తేల్చడానికి ఎంక్వైరీ బోర్డు ఉంది. మంత్రిని చేయడానికి మాత్రం ప్రెసిడెంట్ సంతకం చాలు. ఆలోచించండి!