పెరటికోడి యెన్నిక - వన్నెల పరిభాష

ఎఱ్ఱనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ: తెలుగువారు కోడిని జాతికన్న వన్నెచేతనే యెక్కువగా గుర్తించిరి. ఈ పేర్లు కుక్కుటశాస్త్రమునందు కలవు. క్రీడాభిరామము ఓరుగంటి కోడిపందెమును వర్ణించినది. నాగమ్మ, బ్రహ్మనాయుడుల పందెమునకు కథలో నెలవైన పల్నాడు జగ్గయ్యపేటకు కృష్ణ యావలి యొడ్డే. కావున 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామల మెట్టపెరళ్లకు ఈ పరిభాష పరాయిది కాదు.

అయితే పందెపు శాస్త్రము గనుక అది పుంజునే పట్టించుకొన్నది. పెరడు నిలుచునది పెట్టవలన. అసీలుపెట్ట గ్రుడ్లు కొలదిగా పెట్టినను, పొదిగి పిల్లలను కాచుటలో దిట్ట. హైదరాబాదు రాజేంద్రనగరమున పరిశోధకులు రూపొందించిన వనరాజకు గ్రుడ్లెక్కువ, పొదుగుగుణము కొఱత. పల్లెకోడిని పోలునట్లు దానికి రంగుటీకలు నిలిపిరి. తెల్లకోడి గ్రద్దకంట వేగమే పడును గదా! వన్నె దక్కినది గాని, పిల్లలను మరల మరల కొనక తప్పదు.