రూపాయి - పౌను

వెండి రూపాయికిని బంగారు పౌనునకును కుదిరిన వియ్యము సమానులది కాదు. 1871-72లో రూపాయికి 23 పెన్నీలు వచ్చెడివి. జర్మనీ మొదలగు దేశములు వెండిని విడిచి బంగారము నాశ్రయింపగా వెండివెల పడిపోయెను. 1894-95 నాటికి రూపాయి 13 పెన్నీలకు దిగెను. ఇంగ్లండునకు మనదేశము ఏటేట చెల్లింపవలసిన పింఛనులు, వడ్డీలు పౌనులలోనే యుండుటచే ప్రభుత్వమునకు హెచ్చు రూపాయలు కావలసి వచ్చెను. అవి ప్రజల పన్నులనుండి గదా రావలెను! 1893లో ప్రజలు తెచ్చు వెండికి టంకశాలలలో నాణెములు ముద్రించుట మానిరి. 1898 నాటికి రూపాయి 16 పెన్నీలకు లేచెను.

1927లో దానిని 18 పెన్నీలకు స్థిరపఱచిరి. 16 చాలునని పురుషోత్తమదాసు ఠాకూరుదాసు వాదించెను. రూపాయి బలపడుట మేలే గదా యని తోచవచ్చును. కాని విదేశమునకు పోవు పత్తికి పౌనొక్కింటికి 15 రూపాయలు రావలసినచోట 13 రూపాయలచిల్లరయే వచ్చును. రైతు శిస్తు మాత్రము తగ్గదు. ఆ రేటు 1966 వఱకు నిలిచెను. ఆ యేటి జూనులో రూపాయివెల తగ్గింపగా పౌను 21 రూపాయలయ్యెను.