గాలి, ఆవిరి, బొగ్గు

1839 లో విలియం గ్రోవ్ ఉదజని, ఆమ్లజనుల కలయికనుండి విద్యుత్తును పుట్టింపవచ్చునని చూపెను. ఆ యేడే జర్మనీలో లుడ్విగ్ మాండ్ జన్మించెను. తరువాత ఇంగ్లండులో రసాయన కర్మాగారమును స్థాపించిన ఈ మాండ్, చౌకబొగ్గునుండియే ఇంధన ఘటమును నడుపవలెనని పూనుకొనెను.

మండుచున్న బొగ్గుపై గాలిని మాత్రమే పంపినచో వేడి పుట్టును గాని ఉదజని రాదు. నీటియావిరిని మాత్రమే పంపినచో ఉదజని, కార్బన్ మోనాక్సైడు వచ్చును. కాని ఆ చర్య వేడిని మ్రింగివేయుటచే నిప్పు చల్లారును. కనుక రెంటిని తగుపాళ్లలో కలుపవలెను. గాలి ఎక్కువైనచో నత్రజని చేరి వాయువు పలుచనగును.

1889 లో మాండ్, ఆయన సహాయకుడు కార్ల్ లాంగర్ తమ ప్లాటినము ఘటమును ప్రకటించిరి. అది సుమారు 0.73 వోల్టు నిచ్చెను. కాని బొగ్గువాయువులోని కార్బన్ మోనాక్సైడు ప్లాటినమునకు అంటుకొని, ఉదజనికి చోటు లేకుండ చేయును. దానిని తొలగించుటకు వాయువును ఆవిరితో కలిపి వేడి నికెలుపై పంపిరి. నికెలుతో చేసిన ఈ పరిశోధనలే 1890 లో నికెల్ కార్బొనైల్ ఆవిష్కరణకు దారితీసెను. దానినుండి నికెలును శుద్ధిచేయు గొప్ప పరిశ్రమ పుట్టెను. ఘటము మాత్రము పరిశ్రమ కాలేదు.

నేడు సహజవాయువును ఉదజనిగా మార్చు స్వయంతాప సంస్కారకములలోను గాలి, ఆవిరుల తూకమే ప్రధానము. తక్కువ వేడిలో పనిచేయు ప్లాటినము ఘటములకు పదిలక్షల పాళ్లలో పదిపాళ్ల కార్బన్ మోనాక్సైడు సైతము హానికరమే. మాండ్ ఎదుర్కొన్న చిక్కు నేటికిని ఇంజనీర్లను విడువలేదు.