ఇక్సీ పుట్టుపూర్వోత్తరాలు

ఒక్క శుక్రకణాన్ని సన్నని గాజు సూదితో నేరుగా అండంలోకి ఎక్కించి ఫలదీకరణ జరిపించే పద్ధతి ఇక్సీ. అండాన్నీ శుక్రకణాలనూ శరీరం బయట కలిపే ఐవీఎఫ్ వచ్చిన పద్నాలుగేళ్లకు, దానితో ఫలితం దక్కని దంపతుల కోసం ఇది పుట్టింది.

1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో లూయీస్ బ్రౌన్, అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ తొలి ఐవీఎఫ్ శిశువులుగా జన్మించారు. ఇద్దరి తల్లులకూ లోపం ఫెలోపియన్ నాళాల్లోనే. ఐవీఎఫ్‌లో ఒక్కో అండం దగ్గర యాభై వేల నుంచి లక్ష దాకా చురుకైన శుక్రకణాలను వదులుతారు. అండం పై పొర అయిన జోనాను దాటుకుని లోపలికి వెళ్లే భారం వాటిదే. శుక్రకణాలు మరీ తక్కువగా ఉన్నా, కదలిక మందగించినా ఫలదీకరణ జరిగేది కాదు. అప్పుడు దాత వీర్యమో, దత్తతో శరణ్యమయ్యేది.

ఈ అడ్డంకిని దాటించే ప్రయత్నాలు 1980లలో ఊపందుకున్నాయి. కొందరు జోనాకు చిన్న గంటు పెట్టి చూశారు. మరికొందరు జోనాకూ అండానికీ మధ్య ఉన్న ఖాళీలోకి శుక్రకణాలను ఎక్కించారు. రెండింటితోనూ విజయాలు అరకొరే. నేరుగా అండంలోకే ఎక్కించడాన్ని 1976లోనే శాస్త్రవేత్తలు ఉయెహరా, యనగిమాచి హ్యామ్‌స్టర్ అండాలపై పరీక్షించారు. కానీ సూది గుచ్చితే మనిషి అండం తట్టుకోదన్న భయం ఉండేది.

బ్రసెల్స్‌లో పరిశోధకుడు జాన్‌పియెరో పలెర్మో జోనా కింది ఖాళీలోకి ఎక్కించే పద్ధతిలో పనిచేస్తుండగా, ఒకసారి శుక్రకణం పొరపాటున అండం లోపలికే వెళ్లింది. అండం పాడవలేదు సరికదా, ఫలదీకరణ చెందింది. ఆ దారినే సాగి, పలెర్మో, వాన్ స్టెయిర్టెగెమ్ బృందం 1992లో లాన్సెట్ పత్రికలో తొలి గర్భధారణలను ప్రకటించింది. తొలి శిశువు పుట్టిందీ ఆ ఏడాదే. మరుసటి ఏడాది నుంచి వృషణాల్లోంచి తీసిన శుక్రకణాలతోనూ గర్భాలు నిలిచాయి. వీర్యంలో ఒక్క కణమూ కనిపించని పురుషుల్లోనూ కొందరు తండ్రులయ్యారు.

ఇక్సీలో ఎంబ్రియాలజిస్ట్ ముందుగా శుక్రకణం తోకను సూదితో పళ్లెం అడుగుకు అదిమి కదలిక ఆపుతారు. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పుండే అండాన్ని ఒక పిపెట్ కొన మెల్లగా పీల్చి పట్టి ఉంచుతుంది. అండం అంచున ఉండే ధ్రువకణాన్ని పైకో కిందికో ఉండేలా తిప్పి, పక్కనుంచి సూదిని దించుతారు. అండత్వచాన్ని కాస్త లోపలికి పీల్చగానే అది తెగుతుంది. శుక్రకణాన్ని అక్కడ వదిలి సూదిని వెనక్కి తీస్తారు. 16–18 గంటల తర్వాత తల్లిదొకటి, తండ్రిదొకటి రెండు కేంద్రకాలు కనిపిస్తే ఫలదీకరణ జరిగినట్లే.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది వీర్య పరీక్షతో మొదలవుతుంది. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శిలో దిగువ ప్రమాణాలు: మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక, 4 శాతం సహజ ఆకృతి. ఏడాదిలోపు గర్భం వచ్చిన దంపతుల్లోని పురుషులను పరీక్షించి తేల్చిన అంకెలివి. వీటికి కాస్త తగ్గినంత మాత్రాన సంతానం కలగదని కాదు. వీర్యాన్ని శుద్ధి చేశాక ఎన్ని చురుకైన కణాలు మిగులుతాయన్నదీ ముఖ్యమే. తీవ్రమైన లోపం, వృషణం నుంచి తీసిన కణాలు, గత ఐవీఎఫ్‌లో ఫలదీకరణ వైఫల్యం ఉన్నప్పుడు ఇక్సీ తప్పనిసరి అవుతుంది. సంఖ్య బాగా పడిపోయిన పురుషులకు ముందుగా జన్యు పరీక్షలు అవసరం. వై క్రోమోజోములోని లోపం కొడుకులకూ సంక్రమిస్తుంది.

వీర్యం బాగున్నవారికి ఇక్సీతో అదనపు మేలు కనిపించలేదు. వియత్నాంలో వెయ్యికి పైగా దంపతులపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో శిశు జననాల రేటు రెండు పద్ధతుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉంది. అయినా చాలా దేశాల్లో ఐవీఎఫ్ కన్నా ఇక్సీయే ఎక్కువగా వాడుకలో ఉంది. వీర్యలోపం లేనప్పుడు ఐవీఎఫ్, ఉన్నప్పుడు ఇక్సీ అన్న విభజనే ఇప్పటి ఆధారాలకు తగిన ఎంపిక.