అమ్మమ్మ చదివిన క్లాసు

మొన్న ఆదివారం గవర్నర్‌పేటలో మా ఇంటి అటక దులిపిస్తుంటే పాత ట్రంకుపెట్టె అడుగున ఒక పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు కొట్టేసిన పెద్దబాలశిక్ష. మా అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ క్లాసుదమ్మా?" అంది.

ఏ క్లాసని చెప్పను? మా అమ్మమ్మకి అదే మొదటి క్లాసు, అదే ఆఖరి క్లాసూను!

వెనకటి వీధిబడుల్లో పిల్లలు ఇసకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. ఆ పైన పురాణాల్లోని పద్యాలు బట్టీ పట్టేవారు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసుకి ఒక నివేదిక పంపాడు. తెలుగూ కన్నడమూ కలిసిన జిల్లా అది. గడగడా పద్యాలు అప్పజెప్పే పిల్లవాడికి వాటి అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసునని ఆయన వాపోయాడు. 533 బడుల్లో 6,641 మంది చదువుతున్నారట. అందులో ఆడపిల్లలు ఎంతమందో చెప్పుకోండి చూద్దాం. అక్షరాలా అరవై మంది!

1832లో పుదూరి సీతారామశాస్త్రిగారు, క్లూలో అనే దొరగారి ప్రోత్సాహంతో, పిల్లల కోసం బాలశిక్ష రాశారు. అదే రానురాను పెరిగి పెద్దబాలశిక్ష అయింది. అక్షరాలు, గుణింతాలు, నీతివాక్యాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు అన్నీ ఒక్కచోటే. పసివాడికి ఇన్నెందుకని ఇప్పుడు మనకి నవ్వు రావచ్చు. బట్టీ బాధ దానితోనూ తప్పలేదు మరి.

కాని ఆ పుస్తకంలో ఒక సుగుణం ఉంది. క్లాసు మారితే పాతబడేది కాదు. బడికి వెళ్ళే కొడుకు చదివేశాక ఇంట్లోనే ఉండేది. బడికి పంపని కూతురి చేతికి అలా చిక్కేది.

అమ్మమ్మది గుడివాడ దగ్గర పల్లె. పుట్టింది 1933లో, శ్రీముఖ నామ సంవత్సరంలో. తమ్ముడు బడికి, తను దొడ్లోకి. వాడికి రోజూ ఒక బెల్లంముక్క లంచమిచ్చి అక్షరాలు చెప్పించుకునేదిట. వాడు హైస్కూలుకి వెళ్ళాక పుస్తకం తన పెట్టెలో దాచుకుని, కాపరానికి వస్తూ వెంట తెచ్చుకుంది.

తాతయ్య మంచాన పడ్డ ఏడు కౌలు ధాన్యం లెక్క చూడవలసి వచ్చింది. వాకిట్లో మగవాళ్ళంతా సరే అన్న లెక్కని తలుపు చాటునుంచి విని, "మూడు బస్తాలు తక్కువొచ్చాయి, మళ్ళీ కూడండి" అందిట. కూడితే నిజమే! ఆ ఏడాది మా అమ్మ బడి మానకుండా ఉన్నది ఆ మూడు బస్తాల పుణ్యమే.

ఇప్పటి పుస్తకాల్లో రంగుల బొమ్మలున్నాయి, అర్థమయ్యేలా పాఠాలున్నాయి, ఆడపిల్లలకి బడీ ఉంది. వెనకటి రోజులే బంగారమని నేననను. కాని పరీక్షలవగానే పుస్తకాలని తూకానికి వేసేటప్పుడు మాత్రం నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

జనాభా లెక్కలవాళ్ళు వచ్చి "ఏం చదువుకున్నారు మామ్మగారూ?" అంటే అమ్మమ్మ పమిట సర్దుకుని "పెద్దబాలశిక్ష" అనేది. పాపం, వాళ్ళ కాగితంలో దానికి గడి లేదు.

మా అమ్మాయికీ అదే చెప్పాను. పుస్తకానికి గోధుమరంగు అట్ట వేసి, పేరు రాసే చోట అమ్మమ్మ పేరు రాసింది. క్లాసు దగ్గర మాత్రం ఖాళీ వదిలేసింది.