వేరు శ్రేణి, ఒకే విధి: ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌ల వృత్తి గుర్తింపు పోరాటం

భారతదేశంలో ఎయిర్ హోస్టెస్‌ల వృత్తి గుర్తింపు పోరాటాన్ని సాధారణంగా యాజమాన్యానికి, ఉద్యోగినులకు మధ్య జరిగిన వివాదంగానే పరిగణిస్తారు. అయితే ఎయిర్ ఇండియా వ్యాజ్యాలను వరుసగా పరిశీలించినప్పుడు, ఉద్యోగ సంఘం కుదుర్చుకున్న ఒప్పందాలే ఒక దశలో సమానత్వ వాదానికి అడ్డుగా నిలిచినట్లు స్పష్టమవుతుంది.

నాటి ఎయిర్ ఇండియా సర్వీసు నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్‌కు 35 ఏళ్లు నిండినా, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు వివాహమైనా, తొలిసారి గర్భం దాల్చినా ఉద్యోగం ముగిసేది. 35 ఏళ్ల తరువాత పొడిగింపు మేనేజింగ్ డైరెక్టర్ విచక్షణకు లోబడి ఉండేది. అదే విమానంలో ప్రయాణికులకు సేవలందించే పురుషుడు, అంటే అసిస్టెంట్ ఫ్లైట్ పర్సర్, 58 ఏళ్ల వరకు కొనసాగేవాడు. 1965 నాటి ఖోస్లా ట్రిబ్యునల్, 1972 నాటి మహేష్ ట్రిబ్యునల్ ఎయిర్ హోస్టెస్‌ల సర్వీసు షరతులను చర్చించాయి.

నర్గేష్ మీర్జా కేసులో 1981 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు మిశ్రమ ఫలితాన్నిచ్చింది. తొలి గర్భంతోనే ఉద్యోగం తొలగించే నిబంధనను, మేనేజింగ్ డైరెక్టర్ హద్దులేని విచక్షణను కోర్టు కొట్టివేసింది. నాలుగేళ్ల వివాహ నిషేధాన్ని మాత్రం సమర్థించింది. నియామక విధానం, వేతనం, పదోన్నతి అవకాశాలు వేరు గనుక ఎయిర్ హోస్టెస్‌లు, పర్సర్లు వేర్వేరు శ్రేణులని తేల్చింది. ఇక్కడ ఒక తార్కిక సమస్య ఉంది. ఏ వ్యత్యాసాలను ఉద్యోగినులు వివక్షగా ప్రశ్నించారో, ఆ వ్యత్యాసాలే వివక్ష లేదనడానికి ఆధారాలయ్యాయి.

అనంతర కాలంలో స్త్రీల పదవీ విరమణ వయసు 58కి పెరిగినా, 50 ఏళ్లు దాటినవారికి విమాన విధులు లేకుండా పోయాయి. దీన్ని కొందరు ఎయిర్ హోస్టెస్‌లు బొంబాయి హైకోర్టులో సవాలు చేసి గెలిచారు. ఆ తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లింది ఎయిర్ ఇండియా క్యాబిన్ క్రూ అసోసియేషన్. 2003లో యశస్వినీ మర్చంట్ కేసులో సుప్రీంకోర్టు, సంఘంతో కుదిరిన ఒప్పందాలకు ప్రాధాన్యమిచ్చి 50 ఏళ్ల పరిమితిని నిలబెట్టింది.

ఇన్‌ఫ్లైట్ సూపర్‌వైజర్ బాధ్యతలను స్త్రీలకూ వర్తింపజేస్తూ 2005లో వచ్చిన ఉత్తర్వుతో పరిస్థితి మారింది. ఆ ఉత్తర్వును కూడా పురుష ఉద్యోగులు, సంఘం కోర్టుల్లో ప్రశ్నించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాలను తోసిపుచ్చింది. విమానంలో పర్యవేక్షణాధికారం పురుషులకే పరిమితమన్న స్థితి అంతటితో తొలగింది.

కాబట్టి ఈ చరిత్రను అధ్యయనం చేసేవారు ‘సంఘం’ అనే మాటను ఏకరూప వర్గానికి పర్యాయపదంగా స్వీకరించరాదు. సమష్టి బేరసారాలు ఉద్యోగ భద్రతతోపాటు శ్రేణీ భేదాలనూ స్థిరపరిచాయి. ఎయిర్ హోస్టెస్‌లు యాజమాన్యంతోనే కాక, తమ పేరున సంతకమైన ఒప్పందాలతో కూడా పోరాడవలసి వచ్చింది.