బీడీ తాగే పెద్దోళ్లకు అలర్ట్.. లంగ్ క్యాన్సర్‌ను ముందే పట్టాలంటే ఎక్స్‌రే సరిపోదు!

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ వైపు బీడీలు చుట్టే ఇళ్లెన్నో, తాగే పెద్దోళ్లూ అంతే. సర్కారు ఎన్‌సీడీ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరీక్షలు. ఊపిరితిత్తులకు లేదు. తొలి దశ గడ్డ ఎక్స్‌రేకు చాలాసార్లు చిక్కదు. లో డోస్ సీటీ స్కాన్ కావాలి. ఇంజెక్షన్ ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. 2011 నాటి అమెరికా స్టడీలో ఎక్స్‌రేతో పోలిస్తే ఈ స్కాన్‌తో లంగ్ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అక్కడ 50-80 ఏళ్ల వయసుండి, రోజుకో ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు సిగరెట్ తాగినోళ్లకు ఏటా స్కాన్ చేయాలంటారు. మానేసి 15 ఏళ్లు దాటనోళ్లకు కూడా.

మన దగ్గర అసలు చిక్కు టీబీతోనే. పాత టీబీ మచ్చ కూడా స్కాన్‌లో గడ్డలా కనిపించొచ్చు. గతంలో టీబీ మందులు వాడితే డాక్టర్‌కు ముందే చెప్పాలి. దగ్గితే రక్తం పడుతోందా? అప్పుడు స్క్రీనింగ్ మాటే లేదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.